థర్మోస్టాట్ పీకేసిన కార్లతో ఘాటెక్కుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి, వనజంగి, అరకు దారులు కార్లతో నిండిపోతాయి. అటు ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపు చలి. పత్రికలు మంచు ఫొటోలు వేస్తాయి. టైర్లు చూసుకోండి, ఫాగ్ లైట్లు చూసుకోండి అని రాస్తాయి. కారు హీటరు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. షెడ్డులో ఎత్తితే మెకానిక్ నవ్వుతాడు: "ఉక్కపోతతో చచ్చే ఊళ్లో హీటరెందుకు సార్?"

ఎందుకో ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. కారులో అయిదుగురు, బయట నాలుగైదు డిగ్రీలు, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. అయిదుగురి ఊపిరిలోని తేమా వెళ్లి ముందు అద్దానికి లోపలివైపు పడుతుంది. వైపరు ఎంత తిప్పినా అది పోదు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని మలుపులు తిప్పుతాడు. హీటరు సరిగా ఉంటే రెండు మూడు నిమిషాల్లో తొలగే ఇబ్బంది ఇది.

హీటరు వేడెక్కకపోతే ఆ జబ్బు చాలాసార్లు హీటరులో ఉండదు, ఇంజిన్ కూలింగ్‌లో ఉంటుంది. కారు హీటరుకు సొంత నిప్పు లేదు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం పేరు కూలెంట్. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్‌లో కొంత, డ్యాష్‌బోర్డు వెనకున్న ఒక బుల్లి రేడియేటరు గుండా పోతుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తే వెచ్చటి గాలి వస్తుంది. ఎలాగూ వృథాగా పోయే వేడే కాబట్టి పెట్రోలు అదనంగా కాలదు, బ్లోయర్ తినే కాస్త కరెంటు తప్ప. మైలేజీ పడిపోతుందని హీటరు ఆపుకుని వణికేవాళ్లు ఏసీ లెక్కను దీనికి వేస్తున్నారన్నమాట.

అసలు గాలే తక్కువ వస్తోందా, గాలి బాగానే వస్తూ వేడి లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ వేర్వేరు జబ్బులు. గాలే తక్కువైతే చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనక ఉండే క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి. మన దుమ్ముకు 10,000 కిలోమీటర్లకే అది మూసుకుపోతుంది. అలాంటిదొకటి ఉందని తెలియకుండానే కారు అమ్మేసేవాళ్లున్నారు. ముందు అద్దం కింది జాలీలో వేపాకులు, ఎలుక గూడు ఉన్నా ఇంతే. బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగక నాలుగులో మాత్రమే తిరిగితే పోయింది మోటారు కాదు, దాని వేగం తగ్గించే బ్లోయర్ రెసిస్టర్. మోటారు మార్చాలని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

గాలి దండిగా వస్తూ చల్లగా ఉందంటే అసలు కథ మొదలైనట్టు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, నాబ్ చివరిదాకా ఎర్ర గుర్తు వైపు తిప్పి, నడిమి గాలి రంధ్రంలో థర్మామీటరు పెడితే 50 నుంచి 60 డిగ్రీలు రావాలి. 40 దాటకపోతే ఎక్కడో లోపం ఉంది. అయితే ఇంజిన్‌కు టైమివ్వాలి. చిన్న పెట్రోలు కారు అయిదు నుంచి పది నిమిషాలు నడిస్తే గాని వేడెక్కదు, డీజిల్ బండికి పావుగంటైనా పట్టొచ్చు. ఆపి ఉంచి వేడెక్కించడం దండగ. మెల్లగా నడుపుతూ పోతేనే త్వరగా వేడెక్కుతుంది.

నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా లంబసింగి ఎక్కే ఘాటే హీటరుకు మంచి పరీక్ష. ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద బరువుంటుంది, వాటర్ పంపు జోరుగా తిరుగుతుంది. ఎంత లోపమున్నా హీటరు కాస్తో కూస్తో వెచ్చగానే వస్తుంది. పైకెళ్లి సూర్యోదయం కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చున్న పది నిమిషాలకు గాలి చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ వెచ్చబడిందంటే కూలెంట్ తగ్గిందని అర్థం. హీటర్ కోర్ కూలింగ్ దారిలో ఎత్తున ఉంటుంది. కూలెంట్ తగ్గితే గాలి చేరేది ముందు అక్కడే. పంపు నెమ్మదిగా తిరిగినప్పుడు కూలెంట్ అంత ఎత్తుకు ఎక్కదు. పంపు రెక్కలు తినేసినా, బెల్టు వదులైనా ఇదే లక్షణం.

అలా కాక, పైన ఆగినప్పుడు బాగానే ఉండి, దిగేటప్పుడు టెంపరేచర్ ముల్లు కిందికి జారుతూ హీటరు చల్లబడితే అనుమానం థర్మోస్టాట్ మీద, అంటే కూలెంట్‌ను రేడియేటరుకు వదలాలో ఆపాలో చూసే వాల్వ్ మీద. గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి, ఇంజిన్‌లో కొత్త వేడి పుట్టదు. థర్మోస్టాట్ మూసుకుని ఉన్న వేడిని పట్టి ఉంచాలి. అది తెరుచుకుని బిగుసుకుపోయినా, అసలు లేకపోయినా, చలిగాలి తగిలే పెద్ద రేడియేటరు ఆ వేడంతా లాగేస్తుంది. అద్దం మీద తేమ ఎక్కువగా పట్టేదీ, చూపు ఎక్కువగా కావలసిందీ ఆ దిగుడులోనే.

ఈ థర్మోస్టాట్ గురించి కాస్త కటువుగానే రాయాలి. అది లోపల మైనం నింపిన చిన్న వాల్వ్. 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఎంత దగ్గరో దాని మీదే ముద్రించి ఉంటుంది. అందాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వదు. చిన్న కార్లకు కొన్ని వందల రూపాయలకు దొరికే వస్తువు. ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందని షెడ్డుకెళితే మొదట పీకి పారేసేది దీన్నే. "మన వేడికి ఇది అక్కర్లేదు" అనే మాట అంబాసిడర్ల కాలం నుంచి షెడ్లలో గురువు నుంచి శిష్యుడికి వస్తోంది. దాంతో ఏం జరుగుతుందో మాత్రం బండి యజమానికి ఎవరూ చెప్పరు. ఇంజిన్ ఉండాల్సిన వేడికి ఎప్పటికీ చేరదు. ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది, ఆవిరై పోవలసిన తేమ ఆయిల్‌లోనే ఉండి జిగురు కడుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి దాన్ని పీకేస్తే కూలెంట్ రేడియేటరుకు పోకుండా అడ్డదారిన ఇంజిన్‌లోనే తిరిగి, బండి ముందుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. అసలు జబ్బు మూసుకుపోయిన రేడియేటరో తిరగని ఫ్యానో అయి ఉంటుంది, దాన్ని వదిలేసి దీన్ని పీకుతారు.

మీ బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో, పనిచేస్తోందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, రేడియేటరు పైగొట్టాన్ని రెండు మూడు నిమిషాలకోసారి తాకండి. చాలా కార్లలో అయిదారు నిమిషాలదాకా అది చల్లగానే ఉండి, ఇంజిన్ వేడెక్కాక ఒక్కసారిగా కాలాలి. మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతోందంటే వాల్వ్ తెరుచుకుని బిగుసుకుంది, లేదంటే అసలు బండిలోనే లేదు. ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే, ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పి0128 కోడ్ కనిపించినా ముందు అనుమానించాల్సింది దీన్నే. విప్పి తీస్తే ఇంట్లోనే పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి మరిగించండి. ముద్రించిన అంకె దగ్గర కదలిక మొదలై, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. బిగించేటప్పుడు స్ప్రింగు ఇంజిన్ వైపు, గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైకి. రబ్బరు రింగు కొత్తదే వేయాలి.

థర్మోస్టాట్ బాగుంటే కూలెంట్ సంగతి చూడాలి. రేడియేటరు పక్కనుండే కూలెంట్ బాటిల్ నిండుగా ఉంది కదా అని ఊరుకుంటారు చాలామంది. బాటిల్ నిండుగా ఉండి రేడియేటరు సగం ఖాళీగా ఉండటం మామూలే. రేడియేటరు మూత రబ్బరు పగిలితే వేడిలో బయటకు పొంగిన కూలెంట్ చల్లారాక వెనక్కి పీల్చుకోబడదు. పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద మూత తీసి, గొంతుదాకా ఉందో లేదో కళ్లతో చూడాలి. వేడి మీద మూత తీస్తే మొహం కాలిపోతుంది, ఇందులో ధైర్యసాహసాలు వద్దు. రేడియేటరుకు మూత లేని కార్లలో ప్రెషర్ డబ్బా మీది గీతల మధ్య ఉంటే చాలు. తగ్గిందంటే ఎక్కడికి పోయిందో వెతకాలి గాని పోస్తూ పోకూడదు. గొట్టాల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద రంగు మరకలుంటాయి.

కూలెంట్ నిండుగా ఉండి, థర్మోస్టాట్ బాగుండి, ఇంకా చల్లగానే ఉంటే హీటరుకు పోయే రెండు గొట్టాలు పట్టుకోండి. ఇంజిన్ గది వెనక గోడలోకి బొటనవేలంత లావున జంటగా పోతాయవి. ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, మందపాటి గుడ్డ మీదుగా తాకాలి. రెండూ కాలుతుంటే కూలెంట్ తిరుగుతోంది, తప్పు డ్యాష్‌బోర్డు లోపల వేడి, చల్లగాలి కలిపే తలుపుది. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయింది, లేదా గాలి పట్టేసింది. రెండూ చల్లగా ఉంటే కూలెంటే రావడం లేదు. పాత బండ్లలో గొట్టం మధ్యలో హీటరు వాల్వ్ ఉంటుంది, ఏళ్ల తరబడి తిప్పక తుప్పుపట్టి మూసుకుపోయి ఉంటుంది. ఎండాకాలంలోనూ నెలకోసారి నాబ్‌ను ఎర్ర చివరిదాకా తిప్పి ఒక నిమిషం ఉంచితే ఆ గొడవ రాదు.

కోర్ ఎందుకు మూసుకుపోతుందంటే, మనం పోసే నీళ్ల వల్ల. కూలెంట్ బదులు బోరునీళ్లు పోస్తే, నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టే కోర్ గొట్టాలకూ లోపల గార పడుతుంది. ఇనుప భాగాల తుప్పు దానికి తోడు. రేడియేటరు కారుతోందని దారిలో పసుపు పోసే అలవాటొకటి ఉంది. పసుపు కన్నం మూస్తుంది, నిజమే. దాంతోపాటు రేడియేటరుకన్నా సన్నని దారులున్న హీటర్ కోర్‌నూ మూసేస్తుంది. సీసాల్లో అమ్మే లీకేజీ మందులతోనూ ఇదే తంటా. ఊరు చేరడానికి పోసుకుంటే పోసుకోండి, చేరాక మొత్తం కడిగించండి.

కడగడం కష్టమేమీ కాదు. చల్లారిన ఇంజిన్ నుంచి కూలెంట్ ఒక డబ్బాలోకి దింపాలి. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి, కాలవలోకి వదలకండి. హీటరు గొట్టాలు రెండూ ఊడదీసి, కూలెంట్ బయటికొచ్చే గొట్టం వైపు నుంచి, అంటే రోజూ తిరిగే దిశకు ఎదురుగా, తోటకు పెట్టే పైపుతో సన్నగా నీళ్లు వదలాలి. ముందు ఎర్రటి బురద, తర్వాత రేకుల్లాంటి గార వస్తాయి. తేటగా వచ్చేదాకా అటోసారి ఇటోసారి పోనివ్వాలి. కారు కడిగే ప్రెషర్ గన్ మాత్రం పెట్టవద్దు. కోర్ అల్యూమినియం రేకు పగిలితే డ్యాష్‌బోర్డంతా విప్పాలి, అది రోజంతా పట్టే పని. బాత్‌రూము యాసిడ్, కాస్టిక్ సోడా పోసేవాళ్ల నుంచి బండిని కాపాడుకోండి, రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. చివరిగా డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడగాలి. బ్యాటరీ షాపుల్లో అయిదు లీటర్ల డబ్బా దొరుకుతుంది.

తిరిగి నింపేటప్పుడు లెక్క తప్పుతుంటారు. చిన్న పెట్రోలు కార్లలో నాలుగైదు లీటర్లు, పెద్ద డీజిల్ బండ్లలో ఏడు నుంచి పది లీటర్ల దాకా పడుతుంది. సరైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కడిగాక లీటరో లీటరున్నరో నీళ్లు ఇంజిన్ బ్లాకులోనే ఉండిపోతాయి. ఆ పైన ముందే కలిపిన కూలెంట్ పోస్తే పలచబడుతుంది. అందుకని నీళ్లు కలపని కూలెంట్, అంటే కాన్సన్‌ట్రేట్ కొని, మొత్తం అంకెలో సగం ముందు అది పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. నాలుగున్నర లీటర్ల బండికి రెండుంపావు లీటర్ల కాన్సన్‌ట్రేట్ అన్నమాట. రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీ ఇష్టమే తప్ప ప్రమాణం కాదు. పుస్తకంలో రాసిన రకమే కొనండి. రెండు రకాలు కలిస్తే జిగురు కట్టే ప్రమాదముంది.

తర్వాత గాలి తీయాలి. కొత్త కూలెంట్ పోసిన మర్నాడే హీటరు పనిచేయడం లేదని తిరిగొచ్చే బండ్లు చాలామటుకు ఈ పని చేయనివే. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద నిలపాలి. చల్లని ఇంజిన్ మీద మూత తీసే ఉంచి, హీటరు నాబ్ పూర్తి వేడి మీద, బ్లోయర్ ఒకటో నంబరు మీద పెట్టి స్టార్ట్ చేయాలి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు లేని కూలెంట్ ధారగా వచ్చాక బిగించాలి. గొంతులో మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండాలి. మధ్యమధ్య హీటరు గొట్టాలను పిండితే పట్టుకున్న గాలి కదులుతుంది. పైగొట్టం వేడెక్కి, మట్టం నిలకడగా ఉన్నాక మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచాలి. చల్లారాక మళ్లీ చూస్తే ఇంకాస్త తగ్గి ఉంటుంది, అప్పుడు నింపాలి. ప్రెషర్ డబ్బా ఉన్న బండ్లలో పద్ధతి కాస్త వేరు, పుస్తకం చూడండి.

ఎంతసేపు తీసినా బుడగలు ఆగకపోతే ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. సిలిండర్‌లోని మంట గాలి కూలెంట్‌లోకి వస్తోందేమో పరీక్ష చేయించండి, ఆ బండితో ఘాటెక్కవద్దు. హీటరు వేసినప్పుడు తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర, ముందు కాళ్ల దగ్గర కార్పెట్ తడి కనిపిస్తే కోర్ కారుతోందని అర్థం. ఇక్కడ మన షెడ్ల రెండో అలవాటు బయటపడుతుంది. కోర్ మార్చడం పెద్ద పని కాబట్టి రెండు గొట్టాలనూ ఒక పైపు ముక్కతో కలిపేసి పంపేస్తారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు బోనెట్ ఎత్తి ఆ రెండు గొట్టాలు గోడలోకే పోతున్నాయా, మధ్యలోనే చుట్టి తిరిగొస్తున్నాయా చూసుకోండి. హీటరుకు వేసవిలోనూ ఒక ఉపయోగముంది. ఘాటెక్కుతుండగా ఇంజిన్ ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు, బ్లోయర్ పూర్తిగా పెడితే కోర్ రెండో రేడియేటరులా పనిచేసి, ఆపే చోటు దొరికేదాకా బండిని కాపాడుతుంది. గొట్టం కలిపేసిన బండికి ఆ ఆసరా ఉండదు.

రెండు గొట్టాలూ వేడిగా ఉండీ గాలి చల్లగా వస్తే డ్యాష్‌బోర్డు లోపల వేడి, చల్లగాలి కలిపే తలుపు కదలడం లేదు. నాబ్ తిప్పే బండ్లలో కేబుల్ క్లిప్పు ఊడి ఉంటుంది, నాబ్ బరువు లేకుండా తిరుగుతుంది. మోటారుతో నడిచేవాటిలో స్టార్ట్ చేయగానే లోపల టక్ టక్ మంటుంటే ప్లాస్టిక్ పళ్లు అరిగాయి.

హీటరు బాగుండి కూడా అద్దం తేరుకోదంటే వాడే తీరులో తప్పు. గాలి ముందు అద్దం వైపు, నాబ్ వేడి మీద, బయటి గాలి లోపలికొచ్చే వైపు మీట, పైగా ఏసీ ఆన్. చలిలో ఏసీ ఏమిటని ఆశ్చర్యపోకండి, ఏసీ తేమ పీల్చేస్తుంది, హీటరు వెచ్చబరుస్తుంది. లోపలి గాలే తిరిగే మీట పెట్టి కూర్చుంటే అయిదుగురి ఊపిరీ లోపలే తిరుగుతుంది.

అమెరికా, కెనడాల్లో చదువుకుంటున్న మన పిల్లల కోసం ఒక ముక్క. టెక్సస్‌లాంటి వెచ్చటి చోట కొన్న పాత కారును మిచిగన్‌కో చికాగోకో తీసుకెళ్లేముందు కూలెంట్‌లో నీళ్ల పాలెంతో పరీక్షించుకోండి. సగం సగం కలిపినది దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఉత్త నీళ్లయితే సున్నాకే గడ్డకట్టి, 9 శాతం ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. అక్కడ హీటరు చల్లబడటం ఒక్కోసారి ఆ ప్రమాదానికి మొదటి కబురు.

మళ్లీ మన కొండలకొస్తే, పైన సూర్యోదయం కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హీటరు వేసుకుని, అద్దాలు మూసుకుని నిద్రపోయేవాళ్లు కనిపిస్తుంటారు. హీటరు విషవాయువు పుట్టించదు గాని సైలెన్సరు పైపు ఎక్కడైనా కారుతుంటే, పక్క కారు పొగ మీ కారు జాలీకి తగులుతుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి వాసన ఉండదు, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటమే గుర్తు. పడుకోవాలంటే ఇంజిన్ ఆపి దుప్పటి కప్పుకోండి.

షెడ్లు నడిపేవాళ్లకు ఒక మనవి. థర్మోస్టాట్ తీసినా, హీటరు గొట్టాలు కలిపేసినా ఆ సంగతి బిల్లు మీద ఒక్క లైను రాసివ్వండి. తర్వాత ఆ బండి చేతికొచ్చే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. లంబసింగి, అరకులకు బండ్లు తిప్పే ట్రావెల్స్ వాళ్లు నవంబరులోనే ఈ రెండూ ఉన్నాయో లేదో తమ బండ్లలో చూసుకుంటే, డిసెంబరులో డ్రైవరు చేతిలో గుడ్డ ఉండదు.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
అనకాపల్లి